టెన్షన్ అంటే ఏ టెన్షన్? దడకు, చింతకు, కుమిలిపోవడానికి, దిగులుకు ఏ పద్ధతి ఎంచుకోవాలి

ఇంటర్వ్యూ గది బయట అరచేతుల్లో చెమట పడితే టెన్షన్. అమెరికాలో ఉన్న కొడుకు రెండు రోజులు ఫోన్ చేయకపోతే టెన్షన్. మూడేళ్ల కిందట ఆడపడుచు అన్న మాట గిన్నెలు తోముతుంటే గుర్తొచ్చి కడుపు రగిలిపోతే టెన్షన్. పొద్దున లేవబుద్ధి కాక, లేచినా ఏదీ చేయబుద్ధి కాక మంచం మీదే కూర్చుండిపోతే అదీ టెన్షనే. అన్నిటికీ ఒకటే మాట వాడేస్తున్నాం గానీ ఈ నాలుగూ ఒకటి కావు. ఒక్కోసారి ఒంట్లో, మనసులో నడిచే వ్యవహారం ఒక్కోలా ఉంటుంది. అందుకే ఒకరిని ఒడ్డున పడేసిన పద్ధతి ఇంకొకరికి పనిచేయదు. కొందరికైతే ఎదురు తిరుగుతుంది. "ధ్యానం చెయ్యి, అంతా సర్దుకుంటుంది" అని నలుగురికీ ఒకే మందు ఇచ్చేవాళ్లు ఈ తేడా చూడరు.

తెలుగులో వీటికి వేర్వేరు పేర్లు ఎప్పటినుంచో ఉన్నాయి. ఒంటికి పట్టేది దడ, కంగారు. జరగబోయేదాని గురించి తలలో తిరిగేది చింత, బెంగ. జరిగిపోయినదాన్ని తవ్వుకుని బాధపడటం కుమిలిపోవడం. ఒళ్లూ మనసూ చచ్చుబడినట్టు ఉండటం దిగులు. పద్ధతి ఎంచుకునే ముందు మీ టెన్షన్‌కు ఈ నాలుగు పేర్లలో ఏది సరిపోతుందో చూసుకోండి.

## ముందు మీ ఇబ్బంది ఏదో తేల్చుకోండి

నిన్న మిమ్మల్ని బాగా ఇబ్బంది పెట్టిన ఒక పావుగంటను గుర్తు తెచ్చుకోండి. అందులో ముందు మొదలైంది ఏది? గుండె వేగం, ఊపిరి అందనట్టు ఉండటం, చేతులు వణకడం ముందు వచ్చి, ఆ తర్వాత "నాకేమైనా అవుతోందా" అన్న భయం పుట్టిందంటే అది దడ. "ఒకవేళ" అన్న మాటతో వాక్యాలు వరస కట్టాయంటే చింత: ఒకవేళ వీసా రాకపోతే, ఒకవేళ రిపోర్టులో ఏదైనా తేలితే, ఒకవేళ సంబంధం తప్పిపోతే. "ఎందుకు" అన్న మాటతో వచ్చాయంటే కుమిలిపోవడం: నేనెందుకు అప్పుడు నోరు మూసుకుని ఉన్నాను, వాళ్లెందుకు అంత మాటన్నారు. ఏ వాక్యమూ లేకుండా రోజంతా బరువుగా, రుచీ పచీ లేకుండా గడిచిందంటే దిగులు.

"ఒకవేళ"కూ "ఎందుకు"కూ మధ్య తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ ఎంపికలో సగం పని అదే చేస్తుంది. "ఒకవేళ" అన్నదానికి ఎంతో కొంత చేయగలిగిన పని ఉంటుంది. "ఎందుకు" అన్నదానికి జవాబు దొరకదు. దొరికినా మనసు ఒప్పుకోదు, దాని మీద ఇంకో "ఎందుకు" వేస్తుంది. అమెరికన్ మనస్తత్వవేత్త సూసన్ నోలెన్-హోక్సెమా 1990ల నుంచి చేసిన పరిశోధనల్లో బయటపడింది ఇదే. బాధ కలిగినప్పుడు దానికి కారణాలు తవ్వుకుంటూ కూర్చునేవాళ్లలో దిగులు ఎక్కువకాలం నిలిచిపోతుంది.

ఇది తేలాక ఇంకో మూడు సంగతులు చూసుకోవాలి. రోజుకు నిజంగా ఎంత సమయం దొరుకుతుంది? రెండు గదుల ఇంట్లో ఆరుగురు ఉంటే కళ్లు మూసుకుని కూర్చునే చోటు ఉందా? ఫలితం కోసం ఎన్నాళ్లు ఆగగలరు? ఎల్లుండి వైవా ఉన్న అమ్మాయికి ఎనిమిది వారాల పద్ధతి అక్కరకు రాదు.

ఇంకో మాట కూడా ముందే చెప్పుకోవాలి. దడ కొత్తగా మొదలైతే, లేదా కారణం తెలియని నీరసం నెలల తరబడి ఉంటే, థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12 పరీక్షలు చేయించుకోండి. థైరాయిడ్ ఎక్కువైతే అచ్చం కంగారులా ఉంటుంది, తక్కువైతే అచ్చం దిగులులా ఉంటుంది. ఛాతీలో నొప్పి, చెమటలు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి ఉంటే శ్వాస వ్యాయామాలతో కాలయాపన చేయకండి. 108కి ఫోన్ చేసి ముందు ఈసీజీ తీయించుకోవాలి.

## నెమ్మది శ్వాస: దడకు

దడ అంటే ప్రమాదం లేని చోట ఒళ్లు ప్రమాదానికి సిద్ధపడటం. గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి పైపైన గబగబా ఆడుతుంది. వీటిలో గుండె మన మాట వినదు, ఊపిరి వింటుంది. ఊపిరి వదిలేటప్పుడు మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి ప్రభావంతో గుండె కొద్దిగా నెమ్మదిస్తుంది. వదలడాన్ని పొడిగిస్తే ఆ నెమ్మది ఎక్కువసేపు నిలుస్తుంది.

కొలత ఇది: ముక్కుతో 4 సెకన్లు లోపలికి, 6 సెకన్లు బయటికి. అంటే నిమిషానికి 6 శ్వాసలు, 5 నిమిషాలకు 30. వేళ్ల కణుపులు లెక్కపెట్టుకుంటే గడియారం అక్కర్లేదు. ఇంకో తీరు కూడా ఉంది. ముక్కుతో ఒకసారి పీల్చి, దాని మీదే ఇంకో చిన్న పీల్పు పీల్చి, నోటితో మెల్లగా, పొడవుగా వదలడం. ఏడ్చి ఏడ్చి ఊరుకున్న పిల్లలు వెక్కుతూ తీసే ఊపిరి ఇలాగే ఉంటుంది. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు దీన్ని రోజుకు 5 నిమిషాల చొప్పున నెల రోజులు చేయించి, అంతే సమయం మైండ్‌ఫుల్‌నెస్ ధ్యానం (ఊపిరి మీద ధ్యాస నిలిపి, పోయినప్పుడల్లా వెనక్కి తెచ్చుకునేది) చేసినవాళ్లతో పోల్చారు. ఆందోళన రెండు జట్లలోనూ తగ్గింది. రోజువారీ ఉల్లాసం మాత్రం ఈ శ్వాస తీసినవాళ్లలో ఎక్కువగా పెరిగింది.

చాలామంది పొరపాటు చేసేది "గట్టిగా ఊపిరి పీల్చుకో" అన్న సలహా దగ్గర. గట్టిగా, వేగంగా పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. తల తిరుగుతుంది, మూతి చుట్టూ, వేళ్ల చివర తిమ్మిరెక్కుతుంది. ఆ తిమ్మిరి చూసి భయం ఇంకా పెరుగుతుంది. పీల్చేది మామూలుగానే ఉండాలి, పొడుగు చేయాల్సింది వదలడాన్నే. పొట్ట మీద చెయ్యి వేసుకుంటే, ఛాతీ కాక ఆ చెయ్యి కదలాలి. దడ ఉన్నవాళ్లకు కపాలభాతి, భస్త్రిక మొదటి ఎంపిక కావు. అవి ఊపిరి వేగాన్ని పెంచే ప్రక్రియలు. బీపీ, గుండెజబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు వాటి జోలికి పోకపోవడమే మంచిది. ఊపిరి బిగబట్టే కుంభకం కూడా ప్యానిక్ (ఒక్కసారిగా ముంచెత్తే భయం) వచ్చేవాళ్లకు భయాన్ని తిరగతోడుతుంది. అనులోమ విలోమాన్ని కుంభకం లేకుండా, నెమ్మదిగా చేస్తే ఇబ్బంది లేదు.

ఈ పద్ధతి మంట తగ్గిస్తుంది, పొయ్యి ఆర్పదు. ఇంకో సూక్ష్మం: దడ వచ్చిన ప్రతిసారీ "ఇది చేయకపోతే నాకేమైపోతుందో" అన్న భయంతో చేస్తుంటే, ఊపిరి లెక్కే ఊతకర్రగా మారుతుంది. దాన్ని నివారించాలంటే ప్రశాంతంగా ఉన్నప్పుడే, పొద్దున సాయంత్రం రెండు పూటలా, అలవాటుగా చేయాలి.

## కండరాల సడలింపు: ఒళ్లు బిగుసుకుపోయేవాళ్లకు

సాయంత్రానికి మెడ పట్టేయడం, నిద్రలో పళ్లు కొరకడం, భుజాలు చెవుల దాకా లేచి ఉండటం మీకు అలవాటైతే శ్వాస కన్నా ఇది మేలు. షికాగో వైద్యుడు ఎడ్మండ్ జాకబ్సన్ 1920లలో దీన్ని రూపొందించాడు. బిగించి వదిలిన కండరం, ఊరికే వదిలిన కండరం కన్నా బాగా సడలుతుందన్నది దీని ఆధారం.

పడుకుని, పిడికిళ్లతో మొదలుపెట్టండి. 5 నుంచి 7 సెకన్లు బిగించి, ఒక్కసారిగా వదిలేసి, 20 నుంచి 30 సెకన్లు ఆ వదులును గమనించండి. తర్వాత మోచేతుల పైభాగం, నుదురు, దవడ, భుజాలు, పొట్ట, తొడలు, పిక్కలు. మొత్తం 15 నుంచి 20 నిమిషాలు. బిగింపు ముప్పాతిక బలంతో చాలు. పూర్తి బలం పెడితే పిక్కలు పట్టేస్తాయి. తొందరపడి వదులు సమయాన్ని కోసేస్తే మిగిలేది వ్యాయామమే, విశ్రాంతి కాదు. మోకాళ్లు, వెన్ను నొప్పి ఉన్నచోట బిగించకుండా ఆ భాగాన్ని దాటేయండి.

ఇంతసేపు గుర్తుపెట్టుకుని చేయడం కష్టమనిపిస్తే యోగనిద్ర దీనికి దగ్గరి చుట్టమే. ముంగేర్‌లోని బీహార్ యోగా స్కూల్ స్థాపకుడు స్వామి సత్యానంద సరస్వతి ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి అది. బిగింపు ఉండదు, గొంతు వింటూ ఒక్కో అవయవం మీదికి ధ్యాస తిప్పడమే. నడుము నొప్పి ఉన్న పెద్దవాళ్లకు అదే సులువు.

## చింతకు ఒక వేళ: "ఒకవేళ" ఆలోచనలకు

చిత, చింత అన్న మాటలకు మధ్య సున్నా ఒక్కటే తేడా అంటారు. కాల్చడంలో రెండూ ఒకటే. కానీ చింతను "ఆపు" అంటే ఆగదు. మందు తాగేటప్పుడు కోతిని తలుచుకోవద్దంటే ఏమవుతుందో మనకు తెలుసు. అమెరికన్ మనస్తత్వవేత్త డేనియల్ వెగ్నర్ 1987లో తెల్ల ఎలుగుబంటితో ఇదే పరీక్ష చేశాడు. తలుచుకోవద్దని చెప్పినవాళ్లకు అది వస్తూనే ఉంది, ఆంక్ష ఎత్తేశాక ఇంకా ఎక్కువగా వచ్చింది. అందుకే ఆపడానికి బదులు వాయిదా వేయడం. మనస్తత్వవేత్త థామస్ బోర్కోవెక్ బృందం 1983లో పరీక్షించిన పద్ధతి ఇది. చింతకు రోజుకు అరగంట, ఒకే వేళ, ఒకే చోటు కేటాయించడం.

రోజంతా చింత వచ్చినప్పుడల్లా జేబులో కాగితం మీద మూడు నాలుగు మాటలు రాసి, "ఆరున్నరకు చూద్దాం" అని చేతిలో పనికి తిరిగి రావాలి. ఆరున్నరకు ఆ కాగితం ముందు పెట్టుకుని కూర్చోవాలి. పడకగది, మంచం వద్దు. వంటింటి బల్ల అయినా, మేడ మీద కుర్చీ అయినా సరే. ఒక్కో దాని పక్కన అది చేతిలో ఉందా, లేదా అని రాసుకోవాలి. ఒక ఐటీ ఉద్యోగి కాగితం ఇలా ఉంటుందనుకోండి:

- నాన్న షుగర్ రిపోర్టు: చేతిలో ఉంది. గురువారానికి డాక్టర్ అపాయింట్‌మెంట్, పాత చీటీ ఫొటో పంపమని అమ్మకు చెప్పాలి.
- లేఆఫ్ జాబితాలో నా పేరుంటే: సగం చేతిలో ఉంది. శనివారం పొద్దున రెజ్యూమె. మూడు నెలల ఈఎంఐ సరిపడా ఉందా, లెక్క చూడాలి.
- పిల్లాడు పెద్దయ్యాక మమ్మల్ని చూస్తాడా: చేతిలో లేదు.

మొదటి రెండింటి పక్కన ఉన్నవి చింతలు కావు, ఇప్పుడు అవి పనులు. తేదీ పడింది. మూడో దాన్ని మెల్లగా రెండుసార్లు చదివి, దానికి జవాబు వెతక్కుండా, అది కలిగించే బరువుతో కాసేపు అలాగే కూర్చోవాలి. అలవాటు లేనివాళ్లకు కష్టమైన భాగం ఇదే. ధైర్యం చెప్పుకోవాలని, ఎవరికైనా ఫోన్ చేయాలని చెయ్యి లాగుతుంది. చేయకండి. జవాబు లేని ప్రశ్న జవాబు లేకుండానే ఉండగలదని మనసుకు తెలిసేది ఆ కాసేపట్లోనే. అరగంట అవగానే కాగితం మడిచి లేవాలి.

చెడేది ఎక్కడంటే, మొదట వేళ దగ్గర. రాత్రి పదిన్నరకు పెట్టుకుంటే చింత నేరుగా నిద్రలోకి నడుస్తుంది. పడుకునే వేళకు కనీసం రెండు మూడు గంటల ముందే అయిపోవాలి. రెండోది, "ఇవాళ బాగానే ఉన్నాను" అని వేళ ఎగ్గొట్టడం. ఎగ్గొడితే మరునాడు మధ్యాహ్నం మీరిచ్చిన వాయిదాను మనసు నమ్మదు. కాగితం మీద ఏమీ లేకపోయినా వెళ్లి పది నిమిషాలు కూర్చోండి. మూడోది, పగలు నాలుగు మాటలకు బదులు పేజీ రాసేయడం. అప్పుడది వాయిదా కాదు, చింతే.

గ్యాస్ కట్టేశానా, గడియ పెట్టానా, చేతులు శుభ్రమయ్యాయా అని పదేపదే చూసుకునేవాళ్లకు ఈ పద్ధతి సరిపోదు. అది ఓసీడీ కావచ్చు. దానికి ప్రత్యేకమైన థెరపీ ఉంది, మందులూ ఉన్నాయి.

## రాత: రెండు రకాలు, కలపకూడనివి

మొదటిది మనసులో ఏళ్లుగా కూరుకుపోయినదాన్ని రాయడం. టెక్సస్‌కు చెందిన మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నబేకర్ 1986లో ప్రచురించిన పరీక్షలో విద్యార్థుల చేత వరసగా 4 రోజులు, రోజుకు 15 నిమిషాలు, తమ జీవితంలోని బాధాకరమైన సంఘటన గురించి రాయించారు. రాసిన వెంటనే వాళ్ల మనసు ఇంకా భారమైంది. తర్వాతి నెలల్లో మాత్రం వైద్యశాలకు వెళ్లడం తగ్గింది. కుమిలిపోయేవాళ్లకు ఇది పనికొస్తుంది, కానీ ఒక షరతు మీద. ప్రతిరోజూ అదే కథ అదే మాటలతో రాస్తుంటే అది కాగితం మీద కుమిలిపోవడమే. నాలుగో రోజుకు కథలో కొత్త సంగతి ఏదైనా రావాలి. అవతలి మనిషి ఆ రోజు ఏ స్థితిలో ఉన్నాడో, ఆ తర్వాత మీరు ఏం నేర్చుకున్నారో, ఏదో ఒకటి. రాకపోతే ఆపేయండి. ఈ మధ్యే జరిగిన ప్రమాదం, మరణం, దాడి గురించి ఒంటరిగా ఇలా రాయకండి.

రెండోది రాత్రి రాసే రేపటి పనుల జాబితా. 2018లో బేలర్ యూనివర్సిటీలో 57 మంది యువతీయువకులతో చేసిన పరీక్షలో, పడుకునే ముందు 5 నిమిషాలు రేపటి పనులు రాసినవాళ్లు, అయిపోయిన పనులు రాసినవాళ్ల కన్నా సుమారు 9 నిమిషాలు ముందు నిద్రపోయారు. జాబితా ఎంత వివరంగా ఉంటే అంత త్వరగా. "బ్యాంకు పని" అని కాదు, "పదకొండు లోపు బ్యాంకు, ఆధార్ జిరాక్స్ రెండు, పాస్‌బుక్" అని రాయాలి.

మొదటి రకం రాత రాత్రి పూట వద్దు. పుండు విప్పి నిద్రపొమ్మంటే పట్టదు.

## మైండ్‌ఫుల్‌నెస్: కుమిలిపోయేవాళ్లకు, ఓపిక ఉన్నవాళ్లకు

బౌద్ధంలోని ఆనాపానసతి, విపశ్యన మూలాల నుంచి, మతం పేరు లేకుండా, దీన్ని 1979లో మసాచుసెట్స్ యూనివర్సిటీ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ దీర్ఘకాలిక నొప్పులతో బాధపడే రోగుల కోసం 8 వారాల శిక్షణగా మలిచాడు. వారానికి ఒక తరగతి, ఇంట్లో రోజుకు 45 నిమిషాల సాధన. తర్వాత సీగల్, విలియమ్స్, టీస్‌డేల్ అనే ముగ్గురు మనస్తత్వవేత్తలు దీన్ని దిగులు జబ్బు (డిప్రెషన్) తిరగబెట్టకుండా చూసే థెరపీగా మార్చారు. మూడు అంతకు మించి సార్లు దిగులు జబ్బు వచ్చి తగ్గినవాళ్లలో అది బాగా పనిచేసిందని 2000లో వచ్చిన పరీక్ష చూపింది.

చేసేది చూడటానికి చాలా చిన్న పని. ముక్కు చివర గానీ పొట్ట దగ్గర గానీ ఊపిరి తగిలే ఒక చోటు ఎంచుకుని అక్కడ ధ్యాస పెట్టడం. మనసు పోతుంది. పోయిందని గమనించి, "ఆలోచన" అని ఒక్క మాట అనుకుని, మళ్లీ ఊపిరికి రావడం. మనసు 15 నిమిషాల్లో 60 సార్లు పోతే, 60 సార్లు వెనక్కి తెచ్చినట్టు. సాధన అంటే ఆ తేవడమే. "నాకు ధ్యానం కుదరదండీ, కూర్చుంటే ఆలోచనలే" అని మానేసేవాళ్లంతా సరిగ్గా పని మొదలయ్యే చోట మానేస్తున్నారు. మనసును ఖాళీ చేయాలన్న పట్టుదలే ఇక్కడ కోతి.

కుమిలిపోవడానికి ఇది నప్పేది అందుకే. "వాళ్లెందుకు అలా అన్నారు" అన్న ఆలోచన పూర్తికాకముందే "ఇదిగో, మళ్లీ తవ్వుతున్నా" అని పట్టుకునే నేర్పు వస్తుంది. ఆలోచన వస్తుంది, దాని వెంట అరగంట పోవడం తగ్గుతుంది.

2022లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనం 276 మంది ఆందోళన రోగుల్లో 8 వారాల మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణను ఆందోళనకు వాడే ఎస్సిటలోప్రామ్ మాత్రతో పోల్చింది. శిక్షణ మాత్రకు తీసిపోలేదు. ఈ వార్త చూసి మాత్రలు మానేయాలనుకునేవాళ్లు రెండు సంగతులు గమనించాలి. ఆ ఫలితం తరగతికి వెళ్లి, ఇంట్లో రోజుకు 45 నిమిషాల సాధన పెట్టుకునే శిక్షణది. ఫోన్‌లో విన్న ఐదు నిమిషాల ఆడియోది కాదు. పైగా వాడుతున్న మాత్ర హఠాత్తుగా ఆపితే తల తిరగడం, చిరాకు, నిద్రలేమి వస్తాయి. తగ్గించేది డాక్టరే.

ఎదురు తిరిగే సందర్భాలు: కొట్లాటలు, లైంగిక హింస, ప్రమాదాల జ్ఞాపకాలు ఉన్నవాళ్లకు కళ్లు మూయగానే ఆ దృశ్యాలు మీద పడొచ్చు. వాళ్లు కళ్లు తెరిచి, అరికాళ్లు నేలకు ఆనే స్పర్శ మీద ధ్యాసతో, 5 నిమిషాలతో మొదలుపెట్టాలి. నడుస్తూ చేస్తే ఇంకా మేలు. దడ ఉన్నవాళ్లకు ఊపిరినే చూస్తూ కూర్చోవడం "ఊపిరి సరిగా ఆడుతోందా" అన్న అనుమానంగా మారుతుంది. వాళ్లకు శబ్దాల మీద ధ్యాస నయం. ఫ్యాను చప్పుడు, వీధిలో కూరగాయల బండి కేక, ఏదైనా సరే.

జపం, నమాజు, రోజరీ అలవాటు ఉన్నవాళ్లు ఇంకో ధ్యానం వెతుక్కోనక్కర్లేదు. ఉన్నదాన్నే, ఊపిరి బదులు నామం మీద ధ్యాస పెట్టి, పోయినప్పుడల్లా వెనక్కి తెచ్చుకుంటూ చేస్తే చాలు. పూస తిరుగుతూ మనసు పెళ్లి ఖర్చు లెక్కల్లో ఉంటే మాత్రం అది సాధన కాదు.

### పది రోజుల విపశ్యన దీనికి బదులు అవుతుందా?

విపశ్యన గురువు సత్యనారాయణ గోయెంకా 1969లో బర్మా నుంచి వచ్చి భారత్‌లో నేర్పడం మొదలుపెట్టిన ఈ శిబిరాలు ఇప్పుడు హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డు మీది ధమ్మఖేత్తలోనూ, ఏలూరు దగ్గర విజయరాయి ధమ్మవిజయలోనూ జరుగుతాయి. ఫీజు లేదు, శిబిరం పూర్తిచేసినవాళ్ల విరాళాలతో నడుస్తుంది. పొద్దున 4 గంటలకు గంట కొడతారు, రోజుకు సుమారు 10 గంటలు కూర్చోవాలి, ఫోన్ అప్పగించాలి, పదో రోజు దాకా మౌనం. వచ్చే రోజు, వెళ్లే రోజు కలిపి 12 రోజుల సెలవు కావాలి.

ఆరోగ్యంగా ఉండి, కొన్ని నెలలుగా ఇంట్లో 20 నిమిషాలు కూర్చునే అలవాటున్నవాళ్లకు ఇది లోతు ఇస్తుంది. దిగులు జబ్బు మధ్యలో ఉన్నవాళ్లు, బైపోలార్, స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లు దీన్ని చికిత్సగా ఎంచుకోకూడదు. దరఖాస్తులో మానసిక ఆరోగ్యం గురించి, మందుల గురించి అడిగే ప్రశ్నలు అందుకే ఉన్నాయి. ఇంట్లోవాళ్లు "వెళ్లొస్తే బాగవుతాడు" అని నిజం దాచి పంపడం చాలా ప్రమాదం.

## పనిలోకి దిగడం: దిగులుకు

దిగులులో ఉన్న మనిషికి కళ్లు మూసుకుని లోపలికి చూడమనడం సాధారణంగా తప్పు మొదలు. లోపల అప్పటికే ఎక్కువసేపు ఉంటున్నాడు. ఇక్కడ వరస తిరగబడుతుంది. ఉత్సాహం వచ్చాక పని చేద్దామని ఎదురుచూస్తే అది రాదు, పని మొదలయ్యాకే ఉత్సాహం వస్తుంది. దీన్నే బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు. గోవాలో సంగత్ సంస్థ, మనోవైద్యంలో చదువేమీ లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో 6 నుంచి 8 విడతల్లో ఇది చేయించింది. తీవ్రమైన దిగులు ఉన్న 495 మందితో చేసిన ఆ పరీక్ష ఫలితాలు 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్ల కన్నా వీళ్లు బాగా కోలుకున్నారు.

మొదటి వారం ఏమీ మార్చకండి. గంట గంటకు ఏం చేశారో, మనసు 10కి ఎంత ఉందో రాయండి. రోజంతా ఒకేలా ఉందనుకుంటాం గానీ కాగితం అలా చెప్పదు. మొక్కలకు నీళ్లు పోసిన గంటకు 4, రీల్స్ చూసిన గంటకు 2 అని కనిపిస్తుంది. రెండో వారం ఆ 4 వచ్చిన పనుల్లోంచి రెండు తీసుకుని వేళ పెట్టండి. పని ఎంత చిన్నగా ఉండాలంటే, మీ అత్యంత నీరసమైన రోజున కూడా కుదిరేంత. "వాకింగ్" కాదు, "ఏడింటికి చెప్పులేసుకుని వీధి చివర దాకా". చాలామంది ఇక్కడే మొదటి రోజు ఐదు కిలోమీటర్లు నడిచి, మూడో రోజు మంచం దిగరు. దిగులు మనిషిని "బద్ధకం వదిలించుకో" అనే ఇంట్లోవాళ్లు ఆ మాట మాని, ఏడింటికి తామూ చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడితే చాలు.

## పక్కపక్కన పెడితే

| పద్ధతి | ఎక్కువగా దేనికి | రోజుకు | తేడా తెలిసేది | ఎవరు జాగ్రత్త పడాలి |
|---|---|---|---|---|
| నెమ్మది శ్వాస | దడ | 5 ని. × 2 | నిమిషాల్లో | గట్టిగా పీల్చేవాళ్లు |
| కండరాల సడలింపు | బిగుసుకుపోయే ఒళ్లు, నిద్ర | 15–20 ని. | వారం, పది రోజులు | కీళ్ల, వెన్ను నొప్పులవాళ్లు |
| చింతకు వేళ | "ఒకవేళ" ఆలోచనలు | 30 ని. | రెండు వారాలు | ఓసీడీ ఉన్నవాళ్లు |
| మనసు విప్పి రాయడం | పాత బాధ | 15 ని. × 4 రోజులు | వారాలు | తాజా గాయం ఉన్నవాళ్లు |
| రేపటి పనుల జాబితా | పడుకోగానే తిరిగే తల | 5 ని. | ఆ రాత్రే | — |
| మైండ్‌ఫుల్‌నెస్ | కుమిలిపోవడం | 20–45 ని. | ఎనిమిది వారాలు | హింస జ్ఞాపకాలు, సైకోసిస్ (లేనివి ఉన్నట్టు అనిపించే జబ్బు) ఉన్నవాళ్లు |
| పనిలోకి దిగడం | దిగులు | రెండు చిన్న పనులు | రెండు మూడు వారాలు | ఎక్కువ పెట్టుకునేవాళ్లు |

రెసిడెన్షియల్ కాలేజీలో ఉండే ఇంటర్ పిల్లలకు ఏకాంతమూ లేదు, అరగంటా లేదు. వాళ్లకు బెంచీలో కూర్చునే చేయగల నెమ్మది శ్వాస, స్టడీ అవర్ చివర 5 నిమిషాల రేపటి జాబితా. ఇంతకు మించి చెప్పి వాళ్ల నెత్తిన ఇంకో హోంవర్కు పెట్టొద్దు. చంటిపిల్ల తల్లికి 45 నిమిషాలు అన్న మాటే అన్యాయం. పాలిచ్చేటప్పుడు అరికాళ్ల స్పర్శ మీద ధ్యాస, రోజుకు రెండు పూటలు. అయితే ప్రసవం తర్వాత రెండు వారాలు దాటినా ఏడుపు, బిడ్డ మీద మమకారం కలగకపోవడం ఉంటే పద్ధతులు పక్కనపెట్టి డాక్టర్‌ని కలవాలి. అమెరికా వేళల్లో రాత్రి షిఫ్టు చేసేవాళ్లు చింతకు వేళను సాయంత్రానికి కాక, లేచిన రెండు గంటలకు మార్చుకోవాలి. పిల్లలు దూరదేశంలో ఉండి ఇద్దరే మిగిలిన పెద్దవాళ్లలో బెంగా దిగులూ కలిసి ఉంటాయి. పనిలోకి దిగడమే ముందు. అదీ ఇంట్లో చేసే పని కాదు, నలుగురు కనిపించే చోటు: గుడి, చర్చి, పార్కు, లైబ్రరీ. ఆ తర్వాతే ధ్యానం.

## రెండు వారాల పరీక్ష

ఒక్క పద్ధతే తీసుకోండి. అన్నీ ఒకేసారి మొదలుపెడితే ఏది పనిచేసిందో తెలియదు, వారానికి అన్నీ ఆగిపోతాయి. రోజూ పడుకునే ముందు క్యాలెండర్ గడిలో రెండు అంకెలు వేయండి. ఇబ్బంది 10కి ఎంత, పద్ధతి చేశారా లేదా. రెండు వారాల తర్వాత మొదటి మూడు రోజుల సగటునూ, చివరి మూడు రోజుల సగటునూ పక్కన పెట్టి చూడండి. 2 పాయింట్లు తగ్గితే అదే కొనసాగించండి. చేసింది 10 రోజుల కన్నా తక్కువైతే పద్ధతిని నిందించకుండా వేళ మార్చి మళ్లీ మొదలుపెట్టండి. మైండ్‌ఫుల్‌నెస్‌కు మాత్రం రెండు వారాల్లో తీర్పు ఇవ్వకండి.

పది రోజుల పైన చేసినా అంకె కదలకపోతే పట్టికలో ఇంకోటి, ఒక్కసారి. అదీ కదలకపోతే, లేదా రెండు వారాలుగా దాదాపు ప్రతిరోజూ దిగులు, ఆకలి నిద్రల్లో మార్పు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం ఉంటే సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లండి. మందు రాసేది సైకియాట్రిస్ట్. మాటలతో చేసే థెరపీ క్లినికల్ సైకాలజిస్ట్ పని, ఆయనకు ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగడం మీ హక్కు. హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖ మానసిక వైద్యశాలలు ప్రభుత్వానివి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే రెండు వారాలు కాదు, ఒక్క పూట కూడా ఆగకండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన మానసిక సహాయ ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416. డబ్బు ఖర్చు లేదు, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు అంకెలు వేసిన ఆ క్యాలెండర్ వెంట తీసుకెళ్లండి. "ఎప్పటినుంచి, ఎంతగా" అన్న మొదటి ప్రశ్నకు గాభరాలో జవాబు గుర్తు రాదు, కాగితం మీద ఉంటుంది.